వంటవ్వ చెప్పిన సాక్ష్యం

వంటవ్వ పోయిన సంగతి నాకు మూడో రోజున తెలిసింది. బడిలో ఆమెతో పాటు వండే రెండో వంటామె ఫోన్ చేసింది. "టీచరమ్మా, అవ్వ పోయింది. మొన్న పొద్దుగాల. నీ నంబరు నా ఫోన్ల లేకుండె, పెద్దసారు దగ్గర తీసుకునేవరకు ఇయ్యాల్టిదాక ఆయె" అంది. స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. ముందర ఎనిమిదో తరగతి జవాబు పత్రాలు. ఫోన్ పెట్టేశాక ఎవరికైనా చెప్పుకుందామని చుట్టూ చూశాను. కేతేపల్లి దిక్కు ఈ బడికి వచ్చి మూడేళ్లయింది. వంటవ్వ అంటే ఎవరో తెలిసిన మనిషి ఇక్కడ ఒక్కరూ లేరు. ఎవరికీ చెప్పలేదు. పత్రాలు దిద్దుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు ఎవరికి ఎన్ని మార్కులు వేశానో అడిగితే చెప్పలేను.

అందుకే మీకు చెప్తున్నాను. మీరూ ఆమెను ఎరగరు, నాకు తెలుసు. మర్రిగూడ దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో ఆమె మధ్యాహ్న భోజనం వండేది. పిల్లలకు వంటవ్వ, ఊరికి వంటవ్వ, నాకూ వంటవ్వే. అసలు పేరుతో ఆమెను పిలిచినవాళ్లను నేను చూడలేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, బళ్లలో సన్నబియ్యం అన్నం మొదలైన ఏడు నేనా బడికి వెళ్లాను. అమ్మ అంతకు ముందే పోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా అప్పటికి అడగడం మానేశారు. ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అంతే. కొత్తగా వచ్చినవాళ్ల నెత్తిన, ఎవరికీ ఇష్టం లేని పని పెట్టడం అన్ని బళ్లలోనూ ఉన్నదే కదా. నా నెత్తిన పేద పిల్లల జాబితా పెట్టారు.

ఏటేటా ఆ జాబితా తయారు చేయాలి. పిల్ల పేరు, తండ్రి చేసే పని, భూమి, రేషన్ కార్డు, ఏడాదికి వచ్చే ఆదాయం. స్కాలర్‌షిప్పులకు అదే ఆధారం, పదో తరగతి తర్వాత ఉచిత హాస్టల్ చదువుకూ అదే ఆధారం. మధ్యాహ్నం అన్నం మాత్రం అందరికీ పెడతారు, దానికి ఏ కాగితమూ అడగరు. నేను కాగితాలు తీసుకుని వంటగది వసారాలో కూర్చునేదాన్ని, ఎందుకంటే స్టాఫ్ రూములో ఫ్యాన్ తిరిగేది కాదు. అట్లా వంటవ్వతో మాటలు కలిశాయి.

నేను కార్డులు తిరగేస్తుంటే ఆమె పప్పు కలుపుతూ ఓరకంట చూసేది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"ఎవరు పేదోళ్లో రాస్తున్న అవ్వా."

"కాయితాలు సూసా?"

"మరింకేం చూడాలె?"

"సోమారం సూడు. ఆదివారం బడి ఉండదు గదా. సోమారం నాడు రెండోసారి అన్నానికి ఎవరు ముందుగల ఉరికొస్తరో వాళ్ల పేర్లు రాసుకో. నీ కార్డులు గిట్ల తర్వాత."

"గట్ల రాస్తే ఆఫీసుల ఒప్పుకుంటరా?"

"ఒప్పుకోకుంటే ఆఫీసోళ్లను సోమారం నాడు తోలుకరా."

నవ్వేశాను. కానీ తర్వాతి సోమవారం వసారాలో నిలబడి చూశాను. నేను 'పరవాలేదు' అనుకున్న ముగ్గురు పిల్లలు మిగతావాళ్లు సగం తినకముందే ప్లేట్లు పట్టుకుని మళ్లీ వచ్చారు. వాళ్లకు పెట్టేటప్పుడు వంటవ్వ "ఎంత కావాలె" అని అడగలేదు. ఎన్నడూ అడగదు. "అడిగితే సిగ్గుపడేటోడు సాలు అంటడు. మొఖం సూసి పెట్టాలె" అనేది. సోమవారాల కోసం వారమంతా రోజూ ఓ పిడికెడు బియ్యం వెనకేసి, ఆ రోజు ఎసట్లో ఎక్కువ పోసేది. ఆ సంగతి మా పెద్దసారుకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

నా సోమవారాలు కూడా ఆమె పట్టేసింది. "నిన్న ఏం వండుకున్నవ్?" అని అడిగేది. "చికెన్" అనేదాన్ని. నా ప్లేటు వంక ఓసారి చూసి, ఇంకో గరిటెడు వేసి పోయేది. ఒకసారి మాత్రం ఊరుకోలేదు. "ఒక్కదానికేం వండుకుంట అని ఉపాసం పంటున్నవ్ గదా. ఒక్కదానివైతే ఒక్కదానికే వండుకోవాలె. ఆకలికి లెక్క తెల్వది" అంది. నాకు కోపం వచ్చింది. నీకెందుకు అన్నాను. నిజంగానే అన్నాను, ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆమె ఏమీ అనుకోలేదు. తర్వాతి శనివారం సాయంత్రం నా గది గుమ్మంలో నాలుగు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టి పోయింది.

నడవడం ఆమెకు కష్టం. ఆ దిక్కు ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగిన వాళ్ల మోకాళ్లు ఎట్లా ఉంటాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కకు ఊగుతూ నడిచేది. ఊరికి కొత్తగా నల్లా నీళ్లు వచ్చినప్పుడు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "మా మోకాళ్లకు కాదులే, వీళ్ల మోకాళ్లకు" అని పిల్లల వంక చూపించింది.

ఆ బడిలో నా రెండో ఏడు. పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఊరంతా తోటోళ్ల పిల్ల అనేవాళ్లు. వాళ్ల నాయినకు ఒకప్పుడు తొమ్మిదెకరాల బత్తాయి తోట. లారీలు వాళ్ల ఇంటి ముందే ఆగేవట. మంచి డాబా ఇల్లు, ముందర గేటు. పిల్ల బట్టలు ఇస్త్రీ మడత నలగకుండా ఉండేవి. తరగతిలో మొదటిది. అన్నం గంట కొడితే వరుసలో నిలబడేది కాదు, ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకునేది. ఆడపిల్లలంతా ప్లేట్లు పట్టుకుని వేపచెట్టు కింద కూర్చుంటే, ఆ పిల్ల డబ్బా తెరిచి ఓ వారగా కూర్చుని తినేది.

ఆ ఏడు జాబితా రాస్తుంటే వంటవ్వ పక్కకు వచ్చి నిలబడింది.

"తోటోళ్ల పిల్ల పేరు రాసినవా?"

"ఆ పిల్ల ఎందుకవ్వా? తొమ్మిదెకరాలున్నయి. కార్డు లేదు. రోజూ ఇంటి నుంచి డబ్బ తెచ్చుకుంటది."

"రాయి."

"ఎందుకు రాయాలె, కారణం చెప్పు."

"కారణం అడగకు. రాయి."

"కారణం లేకుండ నేనెట్ల రాస్త? రేపు నన్నడుగుతరు" అని విసుక్కున్నాను. ఆమె ఏదో చెప్పబోయి పొయ్యి వంక చూసింది. నీళ్ల బిందె అందుకుని బయటికి పోయింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నేను ఆ పిల్ల పేరు లేకుండానే జాబితా పంపాను. నాది తప్పు కాదని కూడా అనుకున్నాను, రాసినవన్నీ కాగితాల ప్రకారమే కదా.

పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో ఒకనాడు పదో తరగతి గదిలో చాక్‌పీసు కోసం వంగి, కిటికీలో వరుసగా పెట్టిన డబ్బాలకు తగిలాను. ఒక డబ్బా కిందపడి మూత ఊడింది. లోపల ఏమీ లేదు. మెతుకు లేదు, తడి లేదు, తోమి తుడిచిన స్టీలు మెరుస్తోంది. అన్నం గంటకు ఇంకా అరగంట ఉంది. ఆ డబ్బా ఎవరిదో నాకు తెలుసు. పిల్ల తన చోటులో అట్లాగే కూర్చుని నన్ను చూస్తోంది. మూత పెట్టి యథాస్థానంలో పెట్టేశాను. పాఠం ఎక్కడిదాకా చెప్పానో మర్చిపోయాను.

వంటవ్వ 'రాయి' అన్న మాట గుర్తొచ్చి, గంట కొట్టగానే వంటగది వెనక్కి పోయాను. ఆ పిల్ల డబ్బాను చున్నీ కింద పెట్టుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చింది. వంటవ్వ లోపలి నుంచే చెయ్యి చాపి డబ్బా అందుకుంది, నింపి ఇచ్చింది. పిల్ల ముందు వైపుకు తిరిగిపోయి ఎప్పటిలాగే మూత తీసి తినడం మొదలుపెట్టింది. అప్పుడు వంటవ్వ నన్ను చూసింది.

"సూసినవా? సూడనట్టే ఉండు" అంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని అంతా చెప్పింది. తోట ఎండిపోయి ఐదేళ్లయింది. పిల్ల నాయిన బోరు మీద బోరు వేసి, ఒక్కదాంట్లోనూ నీళ్లు పడక, హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. తల్లికి ఆ మాట బయటపెట్టడం ఇష్టం లేదు. మిగతా పిల్లలతో ప్లేటు పట్టుకుని నిలబడితే ఇంటి పరువు పోతుందని కూతురికి ఖాళీ డబ్బా ఇచ్చి పంపుతుంది. పిల్ల మొదటి రోజే వంటవ్వ చేత ఒట్టు వేయించుకుందట, ఎవరికీ చెప్పనని. "పొయ్యి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన బిడ్డా. అందుకే నీకు చెప్పలె. నువ్వన్న నా మాట మీద రాస్తవనుకున్న" అంది.

ఫలితాల్లో ఆ పిల్ల బడికే మొదటిగా వచ్చింది. అప్పటికే నా జాబితా ఆఫీసుకు చేరిపోయింది. ఇక మిగిలింది ఒకటే దారి. ఆదాయ ధ్రువపత్రం తెచ్చి విడిగా దరఖాస్తు పెట్టుకుంటే ఉచిత హాస్టల్ సీటు వస్తుంది. రాకపోతే చదువు అక్కడితో ఆగిపోతుంది, మరో దారి లేదు. నేనే దరఖాస్తు రాయించాను. వేసవి సెలవులై బడి తెరిచాక, విచారణకు మండలాఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే గిర్దావరు, వస్తాడని తెలిసింది. ఇక్కడే నేను పెద్ద తెలివి చూపించాను. ముందు రోజే పోయి పిల్ల తల్లికి చెప్పాను. "రేపు పది గంటలకు సారు వస్తడు, ఇంటి పట్టున ఉండండి" అని.

తెల్లవారి నేను పోయేసరికి ఆ ఇల్లు నాకు గుర్తు పట్టరాలేదు. వాకిట్లో సున్నం ముగ్గు. వసారాలో నాలుగు కుర్చీలు. టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. తల్లి నారాయణపేట చీర కట్టుకుంది. గిర్దావరు కుర్చీలో కూర్చున్నాడు, ముందర పూల కప్పుల్లో చిక్కటి చాయ, ప్లేటులో బిస్కెట్లు. ఆయన రెండో కప్పు తాగుతున్నాడు.

"తోట ఎట్లున్నదమ్మా?" అన్నాడు.

"దేవుని దయ సారు. మాకేం తక్కువ లేదు" అందామె.

నేను సైగ చేశాను, దగ్గాను. ఆమె నా వైపు చూడలేదు. గిర్దావరు కాగితం మీద ఏదో రాసుకుని, చాయ బాగుందని చెప్పి లేచాడు. ఆయన గేటు దాటగానే నేను ఆ తల్లి మీద విరుచుకుపడ్డాను. పిల్ల బతుకు పాడు చేశావన్నాను. ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. "ఇంటికి వచ్చిన మనిషిని కూసోబెట్టి, మాకు తిన గతి లేదని చెప్పాల్నా టీచరమ్మా? నువ్వైతే చెప్తవా?" అంది. ఆదివారాలు చికెన్ వండుకున్నానని చెప్పే మనిషిని నేను.

వంటవ్వ దగ్గరికి పోయి కూలబడ్డాను. విని ఆమె నుదురు కొట్టుకుంది. "ఆ చాయ పాలు నావే. ఇంటికి సుట్టం వస్తుండు, ఓ గిలాసెడు పాలియ్యమని పొద్దుగాల వచ్చింది. సుట్టం అంటే ఇయ్యనా? ఇచ్చిన" అంది. కుర్చీలు సర్పంచి ఇంటివి, ఫ్యాను కిరాణా దుకాణం ఆయనది, కప్పులు పక్కింటివి. వాడంతా కలిసి ఆ ఇంటి పరువు నిలబెట్టాం, అందులో నేనూ ఉన్నాను. కాసేపటికి వంటవ్వ నవ్వింది. తర్వాత చాలాసేపు పొయ్యి వంక చూస్తూ కూర్చుంది.

మర్నాడు వంట రెండో ఆమెకు అప్పజెప్పి, "నడువు, ఆఫీసుకు పోదాం" అంది. బడి ఉన్న రోజు ఆమె పొయ్యి వదలడం నేను చూడటం అదే మొదలు. ఆటోలో కాళ్లు చాపుకోవడానికి లేక దారి పొడుగునా మూలిగింది. ఆఫీసులో గిర్దావరు బల్ల ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, మీరు నిన్న తాగిన చాయల పాలు మా ఇంటియి. కుర్చీలు ఒకరియి, ఫ్యాను ఒకరిది. ఆమె కట్టుకున్న చీర పెండ్లినాటిది, గా చీర తప్ప మంచిది ఇంకోటి లేదు. తోటల ఒక్క చెట్టు పచ్చగ లేదు, పోయి సూసుకోండ్రి. రెండేండ్ల సంది గా పిల్ల డబ్బల బువ్వ నింపేది నేను. నింపకుంటే ఖాళీ డబ్బనే ఇంటికి పోతది."

ఆఫీసులో పనుల మీద వచ్చినవాళ్లు పది మంది దాకా ఉన్నారు. అందులో మా ఊరివాళ్లూ ఉన్నారు. వాళ్లు వింటున్నారని తెలిసే ఆమె ఆ మాటలన్నీ చెప్పింది.

"నీకేమైతది ఆ పిల్ల?" అని గిర్దావరు అడిగాడు.

"ఏం కాదు సారు. నాకు సూసిన సాక్ష్యం ఉన్నది, చెప్పిపోదామని వచ్చిన."

ఆయన మంచివాడు. రెండు రోజులాగి, చెప్పకుండా పొద్దున్నే వచ్చాడు. చల్లారిన పొయ్యి చూశాడు, ఎండిన తోట చూశాడు, నీళ్లు మాత్రం తాగి పోయాడు. ధ్రువపత్రం వచ్చింది. పిల్లకు సీటు వచ్చింది. కానీ వంటవ్వ ఆఫీసులో చెప్పిన మాటలు మేము ఊరు చేరకముందే ఊరు చేరాయి. పిల్ల తల్లి అప్పటి నుంచి వంటవ్వతో మాట్లాడలేదు. నల్లా దగ్గర ఎదురైతే బిందె ఎత్తుకుని పోయేది. పిల్ల కూడా హాస్టలుకు పోయేముందు నా దగ్గరికి వచ్చి కాళ్లకు దండం పెట్టింది గానీ, వంటగది వైపు పోలేదు. పొమ్మని చెప్పాను. సంచి ఎత్తుకుని గేటు వైపే నడిచింది.

వంటవ్వకు అది చాలా గట్టిగా తగిలింది. దాచుకోలేదు కూడా. "ఒట్టు తప్పిన బిడ్డా. పిల్ల నమ్మి చేతికిచ్చిన డబ్బ, పదిమందిల తెరిచి సూపెట్టిన. కోపం ఉండదా?" అనేది. నేనైతే ఇంత చేసినా విశ్వాసం లేదని ఆ తల్లిని తిట్టేదాన్ని. వంటవ్వ నన్ను తిట్టనిచ్చేది కాదు. ఇంటికి పోవడానికి ఆ వాడ గుండా దగ్గర దారి. ఆ మోకాళ్లతో ఊరు చుట్టూ తిరిగి పోయేది, తను కనబడితే ఆ తల్లి మొఖం తిప్పుకోవాల్సి వస్తుందని. "నాకేం, నడుస్త. ఆమెకెందుకు కష్టం" అనేది. ఏటా ఫలితాలప్పుడు మాత్రం వసారాలో నా పక్కన వచ్చి కూర్చునేది. "పాసైందంటనా?" అని అడిగేది. అయిందంటే చెంగుతో మొఖం తుడుచుకుని లేచిపోయేది. ఆ పిల్ల నర్సింగు పూర్తి చేసి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన సంగతి కూడా నేనే చెప్పాను. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

నాకు బదిలీ అయింది. వారం వారం ఫోన్ చేస్తానన్నాను. మొదట చేశాను, తర్వాత నెలకోసారి, తర్వాత ఎప్పుడో. ఎందుకు తగ్గించానో నిజంగా నాకు తెలియదు. ఒక్కదాన్నే ఉండటం అలవాటైన మనిషికి, ఉన్న ఒక్కరిని కూడా దూరం చేసుకోవడం ఏమంత కష్టం కాదు. చివరిసారి మాట్లాడినప్పుడు ఆదివారం. "ఏం వండుకున్నవ్?" అంది. ఏమీ వండుకోలేదని మొదటిసారి నిజం చెప్పాను. "లే. లేచి వండుకో. నేను ఫోన్ పెట్టేస్త" అంది. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగే మనిషి లేదు. ఈ మాట రాస్తుంటే భయంగా ఉంది, ఒప్పుకుంటాను.

పదకొండో రోజు దినానికి పోయాను. వంటవ్వ ఇంటి ముందు టెంటు వేశారు. బడిలో చదివి పెద్దవాళ్లయిన పిల్లలు చాలామంది వచ్చారు, కొందరు చంకలో పిల్లలతో. నన్ను చూసి పలకరించి వాళ్ల వాళ్ల గుంపుల్లో కలిసిపోయారు. చాపల మీద విస్తళ్లు వేసి వంటవ్వ కూతురు వడ్డిస్తోంది. నేను ఓ చివర కూర్చున్నాను.

సగం బంతి అయ్యాక వాకిట్లో మాటలు తగ్గాయి. తలెత్తి చూస్తే తోటోళ్ల పిల్ల తల్లి. ఒక్కతే వచ్చింది. ఇన్నేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరో లేచి కుర్చీ వేయబోతే వద్దంది. వంటవ్వ ఫొటో ముందు కాసేపు నిలబడి, వచ్చి అందరితో పాటు చాప మీద కూర్చుంది. వంటవ్వ కూతురు ఆమె విస్తరిలో అన్నం పెట్టి పక్కకు జరగబోయింది.

"ఇంకింత పెట్టు బిడ్డా" అందామె. గొంతు బంతి ఆ కొసకు వినబడింది. "ఆకలైతాంది."

ఎవరూ తలెత్తలేదు. కూతురు వంగి మళ్లీ పెట్టింది. గాలికి విస్తరి అంచు లేస్తుంటే ఎడమ చేత్తో అదిమి పట్టుకుని, తల ఎత్తకుండా, ఆమె తింటూ ఉంది.